లాగడం నేర్పారు, వదలడం సంగతో?

సంపాదకులకు నమస్కారం.

మీ కంప్యూటర్ పేజీలో మొన్న డ్రాగ్ అండ్ డ్రాప్ మీద, అంటే పేజీలో ఒక వస్తువును మౌస్‌తో పట్టుకుని లాగి ఇంకోచోట వదలడం మీద, వచ్చిన పాఠం గురించి ఈ ఉత్తరం. వెబ్ పేజీలకు స్క్రిప్టు రాసి బతికేవాణ్ని, అందుకని పేపర్ చేతికి రాగానే ముందు ఆ పేజీయే తిప్పుతాను. పాఠం తేలిగ్గా ఉంది, భాష బాగుంది, చెప్పింది చెప్పినట్టు టైప్ చేస్తే నీలం డబ్బా ఎడమ గడిలోంచి కుడి గడిలోకి వెళ్లి కూర్చుంటుంది, అందులో పేచీ లేదు. కాకపోతే డబ్బా కుడి గడిలో పడగానే "ఇంతే, చాలా సులువు" అని పాఠం ముగించేశారు. ఇంతే కాదండీ. ఈ పని చేసేవాళ్లకు అసలు చాకిరీ మొదలయ్యేదే అక్కడ. డబ్బా గడిలో కాకుండా పక్కన పడితే ఏం చేయాలి, మధ్యలో ఎస్కేప్ నొక్కితే ఏం చేయాలి, బ్రౌజర్ బయటికి లాక్కెళ్లి వదిలేస్తే ఏం చేయాలి, వాడే మనిషి దగ్గర అసలు మౌసే లేకపోతే ఏం చేయాలి, వీటిలో ఒక్కదాని గురించీ ఒక్క వాక్యం లేదు.

ముందు ఆ ప్రివెంట్‌డిఫాల్ట్ సంగతి చూద్దాం, అంటే బ్రౌజర్ తనంతట తాను చేసేదాన్ని ఆపే లైను. "డ్రాగ్‌ఓవర్‌లో ఈ లైను తప్పకుండా రాయాలి" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఎందుకు రాయాలో చెప్పకపోతే నేర్చుకునేవాళ్లు బట్టీ పట్టేస్తారు, వచ్చేసారి ఆ లైను మరిచిపోతారు, డ్రాప్ ఈవెంట్‌కి, అంటే వస్తువును వదిలినప్పుడు బ్రౌజర్ ఇచ్చే కబురుకి, రాసిన కోడ్ బంగారంలా ఉన్నా అది ఎందుకు నడవడం లేదో తెలియక సాయంత్రం దాకా తల పట్టుకుంటారు. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్ తెరిచి చూస్తే ఒక్క ఎర్ర అక్షరం ఉండదు. బ్రౌజర్ కిమ్మనదు. ఎందుకంటే దాని లెక్కలో తప్పేమీ జరగలేదు. టెక్స్ట్ టైప్ చేసే పెట్టెల్లాంటి కొన్నింటిని తీసేస్తే, పేజీలో మిగతా ఏ భాగమూ పైన వదిలినవాటిని తీసుకోదు, అది బ్రౌజర్ ముందే పెట్టుకున్న నియమం. మనం లాగుతున్నది ఒక భాగం మీదికి వచ్చినప్పుడు డ్రాగ్‌ఓవర్ ఈవెంట్ వస్తుంది, దాన్ని మనం పట్టించుకోకపోతే బ్రౌజర్ తన పద్ధతి ప్రకారం "ఇక్కడ కుదరదు" అని తేల్చేస్తుంది. ఆ తేల్చడాన్ని రద్దు చేయడమే ప్రివెంట్‌డిఫాల్ట్ పని. అంటే వద్దనడాన్ని మనం వద్దంటే అప్పుడది సరే అవుతుంది! తలకిందుల వ్యవహారమే, కాదనను. బ్రౌజర్లు పాటించాల్సిన నియమాల పత్రం, అదే స్పెసిఫికేషన్, ప్రకారమైతే, లాగేది ఒక భాగంలోకి అడుగుపెట్టగానే వచ్చే డ్రాగ్‌ఎంటర్‌లో కూడా ఇలాగే రద్దు చేయాలి, బ్రౌజర్లు అక్కడ చూసీచూడనట్టు పోతాయి గానీ రెండింట్లోనూ రాసుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇంత మెలిక ఎందుకు పెట్టారని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఎవరూ కూర్చుని తీరిగ్గా ఆలోచించి చేసిన డిజైన్ కాదిది. 1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో మైక్రోసాఫ్ట్ పెట్టిన పద్ధతి ఇది, తర్వాత వెబ్ పేజీల భాషకు ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 రాసేవాళ్లు కొత్తగా కనిపెట్టకుండా, అప్పటికే బ్రౌజర్లలో నడుస్తున్నదాన్నే ప్రమాణంగా రాసి పెట్టారు. దాని వంకరలన్నీ మనకు వారసత్వంగా వచ్చాయి. ఈ కాస్త చరిత్ర రెండు లైన్లలో చెప్పినా, పాఠం చదివేవాళ్లకు తమ బుర్రలో లోపమేమీ లేదన్న ధైర్యం వచ్చేది.

ఇంకో సంగతి, ఈ డ్రాగ్‌ఓవర్ ఒక్కసారి వచ్చి పోయేది కాదు. మౌస్ కదపకుండా అలాగే పట్టుకుని నిలబడినా వస్తూనే ఉంటుంది. స్పెసిఫికేషన్‌లో 350 మిల్లీసెకన్లకు ఒకసారి, అటూ ఇటూ 200 తేడాతో అని రాశారు. మీ పాఠంలో రంగు మార్చే కోడ్ అందులోనే పెట్టారు, ఒక్క డబ్బాకి పరవాలేదు గానీ, రెండొందల వరుసలున్న పట్టికలో ప్రతిసారీ అన్ని వరుసల కొలతలూ తీసి చోటు లెక్కపెట్టే కోడ్ అక్కడ పెట్టి చూడండి, డబ్బా మౌస్ వెనకాల కుంటుకుంటూ వస్తుంది.

డేటా విషయంలో మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పడినంత మంది ఇంకెక్కడా పడరు. లాగడం మొదలైనప్పుడు వచ్చే డ్రాగ్‌స్టార్ట్‌లో, లాగేదాని వెంట వెళ్లే డేటాట్రాన్స్‌ఫర్ అనే సంచిలో, సెట్‌డేటాతో ఒక ఐడీ, అంటే డబ్బా గుర్తింపు పేరు, పెడతాం, డ్రాప్‌లో గెట్‌డేటాతో తీసుకుంటాం, ఇది మీరు చెప్పారు. చదివినవాడు ఊరుకుంటాడా, కొంచెం తెలివిగా ఆలోచించి, డబ్బా గడి మీదికి వచ్చినప్పుడే అది ఏ డబ్బానో చూసి, పనికొస్తే పచ్చగా, పనికిరాకపోతే ఎర్రగా చూపిద్దామని డ్రాగ్‌ఓవర్‌లో గెట్‌డేటా రాస్తాడు. ఖాళీ వస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఖాళీయే. ఇది బగ్ కాదు, కావాలని పెట్టిన కట్టడి. లాగేవాళ్లు ఇంకో ప్రోగ్రామ్‌లోంచి ఏదో పట్టుకుని మన పేజీ మీదుగా ఎక్కడికో తీసుకెళ్తుండొచ్చు, మన దగ్గర వదిలే ఉద్దేశమే ఉండకపోవచ్చు. చేతిలో ఉత్తరం పట్టుకుని దారిన పోతుంటే దారిలో ఉన్న ప్రతి ఇంటివాళ్లూ అది లాక్కుని చదివితే ఒప్పుకుంటామా? అందుకే వదిలేదాకా లోపలేముందో పేజీకి చూపించరు. ఏ రకం డేటా ఉందన్నది మాత్రం తెలుస్తుంది, టైప్స్ అనే జాబితాలో. అందులో ఫైల్స్ అన్న మాట ఉంటే లాగుతున్నది ఫైల్ అని అర్థం. మన సొంత డబ్బాలే కావాలంటే సెట్‌డేటాలో మనకంటూ ఒక రకం పేరు పెట్టుకుని, టైప్స్‌లో ఆ పేరు ఉందా లేదా చూసుకుంటే పనైపోతుంది. ఇక్కడో చిన్న కిటుకు, మనం పెట్టే రకం పేరులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలుంటే బ్రౌజర్ వాటిని చిన్నబడిలోకి మార్చేస్తుంది, పెట్టినప్పుడు పెద్ద అక్షరాలతో పెట్టి వెతికేటప్పుడు కూడా అలాగే వెతికితే ఎప్పటికీ దొరకదు. మొదట్నుంచీ అన్నీ చిన్నబడిలోనే రాసుకోండి.

అలాగే డ్రాప్ కోడ్‌లో సర్వర్‌ని ఏదో అడిగి, జవాబు వచ్చాక గెట్‌డేటా పిలిస్తే అప్పుడూ ఖాళీయే వస్తుంది. ఆ ఈవెంట్ అయిపోగానే సంచి మూసేస్తారు. కావాల్సింది ముందే తీసి ఒక వేరియబుల్‌లో పెట్టుకోవాలి.

ఇక చూడటానికి చిన్నది, చేసేవాడికి చిరాకు తెప్పించేది డ్రాగ్‌లీవ్, లాగేది ఒక భాగాన్ని వదిలిపోయినప్పుడు వచ్చే ఈవెంట్. గడి మీదికి రాగానే అంచు పచ్చగా మారాలి, బయటికి పోగానే మామూలు కావాలి, మీ పాఠంలో ఉన్నదీ ఇదే. మీ గడి ఖాళీ కాబట్టి చక్కగా నడిచింది. ఆ గడిలో ఒక శీర్షిక, కింద ఒక చిన్న బొమ్మ పెట్టి మళ్లీ లాగి చూడండి. మౌస్ గడిలోకి వస్తుంది, పచ్చ అంచు వెలుగుతుంది. ఇంకొంచెం కిందికి జరిపితే శీర్షిక అక్షరాల మీదికి వస్తుంది, అంతే, అంచు ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలుగుతుంది. అక్షరాలు దాటినా అంతే, బొమ్మ మీదికి వెళ్లినా అంతే. మౌస్ ఒక్కసారి కూడా గడి దాటి బయటికి పోలేదు, అయినా టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. కారణం ఏమిటంటే, శీర్షిక మీదికి వెళ్లడమంటే బ్రౌజర్ దృష్టిలో గడి ఖాళీ భాగాన్ని వదిలి దాని లోపలి పిల్ల భాగంలోకి వెళ్లడం, ముందు శీర్షికకు డ్రాగ్‌ఎంటర్ వస్తుంది, వెంటనే గడికి డ్రాగ్‌లీవ్ వచ్చి అంచు ఆర్పేస్తుంది, ఆపైన వచ్చే డ్రాగ్‌ఓవర్ మళ్లీ వెలిగిస్తుంది. దీనికి నాకు నచ్చిన మందు, డ్రాగ్‌లీవ్‌లో రిలేటెడ్‌టార్గెట్ చూడటం. మౌస్ ఇప్పుడు వెళ్లిన భాగం మన గడి లోపలిదే అయితే ఏమీ చేయకుండా ఊరుకోవాలి. లోపలికి వచ్చినప్పుడు ఒకటి కలిపి, బయటికి పోయినప్పుడు ఒకటి తీసేసే లెక్క పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అది నడుస్తుంది గానీ, డ్రాప్ అయిపోయాక ఆ లెక్కను సున్నా చేయడం మరిస్తే రెండోసారి నుంచి అంచు ఆరనే ఆరదు. ఇంకొందరు పేజీ రూపురేఖలు రాసే సీఎస్ఎస్‌లో లోపలి భాగాలకు పాయింటర్ ఈవెంట్స్ తీసేస్తారు, అంటే మౌస్ వాటిని పట్టించుకోకుండా చేస్తారు, లోపల బటన్ ఉంటే అది కూడా చచ్చిపోతుంది మరి.

ఇప్పటిదాకా చెప్పినవి చేసేవాడి ఇబ్బందులు. వాడేవాళ్ల పాట్లు ఇంతకంటే ఘోరం. తెలిసినావిడ ఒకరు ఆన్‌లైన్‌లో పెద్ద అప్లికేషన్ ఒకటి నింపుతున్నారు, నాలుగు పేజీల వివరాలు, చివర్లో సర్టిఫికెట్ పీడీఎఫ్ "ఇక్కడికి లాగి వదలండి" అని చుక్కల గీతల పెట్టె. ఆవిడ లాగారు, వదిలారు, పెట్టె అంచుకు ఒక వేలెడు ఇవతల. వెంటనే స్క్రీన్ నిండా సర్టిఫికెట్ తెరుచుకుంది. అప్లికేషన్ పోయింది, వెనక్కి నొక్కితే పేజీ వచ్చింది గానీ గళ్లన్నీ ఖాళీ. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం, ఇలాంటివి బోలెడు. ఫైల్‌ను పేజీ మీద వదిలితే, దాన్ని ఎవరూ అందుకోకపోతే, దాన్ని తెరవడమే బ్రౌజర్ పద్ధతి. ఆ పెట్టె చేసినవాళ్లు పెట్టె లోపల పడినవాటి గురించే ఆలోచించారు, పెట్టె బయట గురించి ఆలోచించలేదు. మొత్తం విండోకి డ్రాగ్‌ఓవర్, డ్రాప్ రెండూ విని రెండింట్లోనూ ప్రివెంట్‌డిఫాల్ట్ రాస్తే, ఫైల్ బయట పడినా ఏమీ జరగదు. అంతా కలిపి నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు లేకపోవడం వల్ల ఒక మనిషి మధ్యాహ్నమంతా పోయింది, ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. టైప్ చేసే పెట్టెల్లోకి మాటలు లాక్కోవడం ఆగిపోకుండా, లాగుతున్నది ఫైల్ అయినప్పుడే అడ్డుకోవాలన్నది ఇందులో చిన్న జాగ్రత్త, టైప్స్ చూసుకుంటే సరిపోతుంది.

ఫైళ్ల విషయంలో ఇంకోటి. ఫైల్ ఎంచుకునే ఇన్‌పుట్‌కి యాక్సెప్ట్ అని రాసి పీడీఎఫ్ మాత్రమే అన్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి, మనం కట్టుకున్న డ్రాప్ పెట్టెకు ఆ నిబంధన వర్తించదు, ఎవరైనా వీడియో పడేస్తే అదీ లోపలికి వచ్చేస్తుంది. స్క్రిప్టులో మనమే చూసుకోవాలి, సర్వర్‌లో ఇంకోసారి చూసుకోవాలి. ఫోల్డర్ పడేస్తే అది ఇంకో పెద్ద కథ, దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

డ్రాగ్‌ఎండ్ ఈవెంట్‌ని మీ పాఠం అసలు తలుచుకోనే లేదు. లాగడం ఎలా ముగిసినా, గడిలో పడినా, బయట పడినా, ఎస్కేప్ నొక్కి మానుకున్నా, మొదలైన భాగానికి చివర్లో వచ్చేది ఇది. లాగేటప్పుడు డబ్బాను మసకగా చేశాం, దాన్ని మామూలుగా చేసే కోడ్ డ్రాప్‌లో పెడితే ఏమవుతుందో ఊహించండి, డబ్బా పడితేనే మామూలవుతుంది, పడకపోతే జన్మంతా మసకగానే ఉంటుంది. సర్దే పనంతా ఇక్కడ పెట్టాలి. పైగా ఇందులో డ్రాప్‌ఎఫెక్ట్ చూస్తే నన్ అని ఉందా, మూవ్ అని ఉందా తెలుస్తుంది. నన్ అంటే ఎవరూ తీసుకోలేదని. ఒక జాబితాలోంచి తీసి ఇంకో దాంట్లో పెట్టే పనైతే, పాత జాబితాలోంచి తీసేసేది ఇది చూశాకే. లాగడం మొదలవగానే తీసేసే మహానుభావులున్నారు, మధ్యలో మానుకుంటే వస్తువు రెండు చోట్లా ఉండదు. అసలు డ్రాగ్‌స్టార్ట్ నడుస్తుండగానే పేజీలో పెద్ద మార్పులు చేస్తే క్రోమ్‌లో లాగడం మొదలవకుండానే ఆగిపోతుంది కూడా, ఆ మార్పును సెట్‌టైమౌట్‌తో ఒక్క క్షణం వెనక్కి నెడితే దారికొస్తుంది.

సరే, ఇదంతా మౌస్ ఉన్నవాళ్ల గొడవ. ఫోన్ సంగతి? ఈ రోజుల్లో పేజీ తెరిచేవాళ్లలో ఎంతమంది ఫోన్లోనే తెరుస్తారో మీ పాఠకుల్ని అడిగినా చెబుతారు. ఈ డ్రాగ్ ఈవెంట్లు మౌస్ కాలంలో పుట్టినవి, ఫోన్ బ్రౌజర్లలో చాలా ఏళ్లు అవి రానే రాలేదు. ఇప్పుడు వచ్చిన చోట కూడా వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే గానీ లాగడం మొదలవదు. వేలితో లాగితే పేజీ జరగాలా, డబ్బా జరగాలా అన్నది బ్రౌజర్‌కి ఎలా తెలుస్తుంది పాపం. పేజీ లోపలే వస్తువులు అటూ ఇటూ జరిపే పనికైతే నేను ఈ డ్రాగ్ ఈవెంట్ల జోలికే పోను; పాయింటర్‌డౌన్, పాయింటర్‌మూవ్, పాయింటర్‌అప్ అని మూడు ఈవెంట్లున్నాయి, మౌస్‌కీ, వేలికీ, పెన్నుకీ ఒకే కోడ్ నడుస్తుంది. పట్టుకునే పిడికి సీఎస్ఎస్‌లో టచ్‌యాక్షన్ నన్ అని రాయాలి, లేకపోతే సగం లాగాక బ్రౌజర్ పేజీని జరపడం మొదలుపెట్టి మనకు పాయింటర్‌క్యాన్సిల్ పంపిస్తుంది. ఆ ఈవెంట్‌ని కూడా వినాలి, విని డబ్బాను మొదటి చోటికి చేర్చాలి. టచ్‌యాక్షన్ మొత్తం జాబితాకి పెట్టకండి, పిడికి మాత్రమే పెట్టండి, లేకపోతే వేలు ఎక్కడ పెట్టినా పేజీ కిందికి జరగదు. వేరే ప్రోగ్రామ్‌లోంచి ఫైల్ తెచ్చి పడేయడానికి మాత్రం పాత డ్రాగ్ ఈవెంట్లే గతి, పాయింటర్ ఈవెంట్లకు అక్కడ పని లేదు.

ఇక నా అసలు ఫిర్యాదు. మీ పాఠంలో డబ్బాను కుడి గడిలోకి చేర్చడానికి లాగడం తప్ప ఇంకో దారి లేదు. చేతులు వణికేవాళ్లుంటారు, మౌస్ బటన్ నొక్కి పట్టుకుని జరపడం వాళ్లకు నరకం. కంటిచూపు లేక కీబోర్డుతో, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లుంటారు, వాళ్లకు లాగడం అన్న మాటకే అర్థం లేదు. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ అరిగిపోయినవాళ్ల మాట సరేసరి. ఇది నా సొంత అభిప్రాయం కూడా కాదు, వెబ్ ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, వికలాంగులకూ వెబ్ అందుబాటులో ఉండాలని రాసిన మార్గదర్శకాల్లో, అంటే 2023 అక్టోబర్ 5న విడుదల చేసిన డబ్ల్యూసీఏజీ 2.2లో 2.5.7 నంబరుతో ఒక నియమం పెట్టింది. లాగి చేసే ఏ పనైనా, లాగకుండా నొక్కడంతో కూడా చేయగలిగేలా ఉండాలి, లాగడమే ఆ పనికి ప్రాణం అయితే తప్ప. బొమ్మ గీసే పేజీలో కుంచెతో గీత గీయడం లాంటివాటికే ఆ మినహాయింపు. జాబితాలో వరుస మార్చడం, ఫైల్ పంపడం దాని కిందికి రావు. కీబోర్డుతో పనిచేయాలన్న నియమం అంతకుముందు నుంచే వేరుగా ఉంది.

చేయడం కష్టమా అంటే, లాగడం రాయడంలో పదో వంతు కష్టం లేదు. ప్రతి వరుసకూ పైకి, కిందికి అని రెండు మామూలు బటన్లు. నొక్కాక ఫోకస్, అంటే కీబోర్డు ఇప్పుడు దేని మీద ఉందన్న గుర్తు, ఆ బటన్ మీదే నిలవాలి, అది గాలికి పోతే కీబోర్డువాళ్లు మళ్లీ పేజీ మొదటి నుంచి ట్యాబ్ కొట్టుకుంటూ రావాలి. "మూడో వరుస రెండో చోటికి వచ్చింది" అని ఒక ముక్క ఏరియా-లైవ్ (aria-live) అన్న గుర్తు పెట్టిన భాగంలో రాస్తే స్క్రీన్ రీడర్ అది చదివి వినిపిస్తుంది. ఫైల్ పెట్టెకైతే పక్కనే "ఫైల్ ఎంచుకోండి" అన్న బటన్ ఒక్కటి చాలు. ఏరియా-గ్రాబ్డ్, ఏరియా-డ్రాప్‌ఎఫెక్ట్ అని కొన్ని పాత పాఠాల్లో కనిపిస్తాయి, వాటిని వాడొద్దని స్క్రీన్ రీడర్ల లాంటివాటి కోసం పెట్టిన ఏరియా (ARIA) ప్రమాణం 1.1లోనే, అంటే 2017లోనే చెప్పేశారు, ఇంకా వాటినే కాపీ కొట్టుకుంటూ పోతున్నారు.

"లైబ్రరీలున్నాయి కదా, ఇవన్నీ అవే చూసుకుంటాయి" అనేవాళ్లు ఉంటారని తెలుసు. మంచి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, ఫోన్ సంగతి చూస్తుంది, మినుకు మినుకుమనే అంచు సంగతి చూస్తుంది, కొన్ని కీబోర్డు సంగతీ చూస్తాయి. ఫైల్ బయట పడితే అప్లికేషన్ పోకూడదని నిర్ణయించేది మాత్రం పేజీ రాసినవాళ్లే. పక్కన బటన్ పెట్టాలా వద్దా అన్నదీ వాళ్లే. పైగా మీ శీర్షిక చదివేది మొదటిసారి నేర్చుకునే పిల్లలు, రేపు లైబ్రరీలు రాసేదీ వాళ్లలోంచి వచ్చినవాళ్లే కదా.

కాబట్టి దయచేసి దీనికి రెండో భాగం వేయించండి. ఆ పాఠం రాసినవారి చేతే రాయించండి, విప్పి చెప్పడం వాళ్లకు బాగా వచ్చు. మొదట బటన్లతో వరుస మార్చే పేజీ కట్టించి, అది కీబోర్డుతో నడుస్తోందని చూపించి, ఆ పైన లాగడాన్ని అదనంగా కలపమని చెప్పండి, అప్పుడు లాగడం చెడిపోయినా పేజీ ఆగిపోదు. చోటు చాలదంటే అంచు రంగులు, నీడలు మార్చే సీఎస్ఎస్ మొత్తం కత్తిరించేయండి. డ్రాగ్‌ఎండ్ మాత్రం ఉంచండి.

ఇట్లు,
వెబ్ పేజీలు రాసే ఒక పాఠకుడు